కమోలీలో రెండు రాత్రులు: ఇటలీ తీరంలోని పాత జాలర్ల ఊరు చూడటానికి మార్గదర్శి

ఇటలీ వాయవ్య తీరంలో, లిగూరియా ప్రాంతంలో, జెనోవా నగరానికి తూర్పున పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది కమోలీ. జనాభా ఐదు వేల చిల్లర. కొండకు అటువైపు పోర్టోఫినో, ఇంకాస్త దిగువకు వెళ్తే చింక్వే తెర్రె. విదేశీ టూరిస్టుల్లో ఎక్కువమంది ఆ రెంటికే పోతారు గనుక కమోలీ ఇప్పటికీ ఊరుగానే మిగిలింది. రేవులో ఇంకా వలలు ఆరేస్తారు, తెల్లవారుజామున పడవలు ఇంకా చేపతో తిరిగొస్తాయి.

ఇక్కడికి వచ్చి నిరాశపడే వాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. జెనోవా నుంచి పొద్దున పదకొండింటికి దిగి, ఫొటోలు తీసుకుని, నాలుగింటికి రైలెక్కేస్తారు. ఆ వేళకి రేవు ఖాళీగా ఉంటుంది, బీచి కిక్కిరిసి ఉంటుంది. పడవ నడుస్తుందా, కొండదారి తెరిచి ఉందా, తాజా చేప దొరుకుతుందా అన్నవి గాలిని బట్టి, వానను బట్టి, ఆఖరికి చంద్రుణ్ణి బట్టి తేలతాయి. హైదరాబాదులో కూర్చుని గంటల వారీగా వేసుకున్న ప్లాను ఇక్కడ చెల్లదు. కనీసం రెండు రాత్రులు ఉండండి. ఏ పని ఏ రోజన్నది అక్కడికెళ్లాక, పొద్దున్నే సముద్రం చూసి తేల్చుకోండి. మిగతా సలహాలన్నీ దీని మీద ఆధారపడ్డవే.

1. నెల ఎంచుకోవడం

మే నడిమి నుంచి జూన్ ఆఖరు దాకా, మళ్లీ సెప్టెంబరు మంచి రోజులు. ఈత కొట్టాలనుకుంటే జూన్ కంటే సెప్టెంబరే మేలు. వేసవంతా కాగిన నీళ్లు అప్పటికి ఇంకా చల్లబడవు, జనం మాత్రం తగ్గిపోతారు. జులై, ఆగస్టుల్లో గదుల రేట్లు ఆకాశంలో ఉంటాయి, బీచిలో తువ్వాలు పరిచే చోటుండదు. అక్టోబరు, నవంబరుల్లో లిగూరియాలో కుండపోత వానలు పడతాయి, వరదలు కొండచరియలు కొత్తేమీ కాదు. చలికాలంలో ఊరు ప్రశాంతంగా ఉంటుంది గానీ పడవల సర్వీసులు బాగా తగ్గుతాయి, హోటళ్లు కొన్ని మూసేస్తారు.

రెండు పండగలున్నాయి. మే నెల రెండో ఆదివారం చేపల పండగ. 1952 నుంచి జరుగుతోంది. జాలర్ల రక్షకుడైన సాన్ ఫోర్తునాతో పేరు మీద, సుమారు 4 మీటర్ల వెడల్పున్న ఉక్కు పెనంలో రేవు దగ్గరే చేపలు వేయించి పంచుతారు. పాత పెనాలను ఊళ్లో గోడకి వేలాడదీశారు, పండగ లేనప్పుడు కూడా చూడొచ్చు. ముందురోజు శనివారం రాత్రి రెండు పేటల వాళ్లు పోటాపోటీగా కట్టిన కట్టె బొమ్మలను సముద్రపొడ్డున తగలబెడతారు. చేప కోసం క్యూలో నిలబడే ఓపిక లేకపోతే ఆదివారం వదిలేసి శనివారం రాత్రికి ఉండండి, చూడాల్సింది అదే. ఆ వారాంతానికి గది కావాలంటే నెలల ముందే పట్టుకోవాలి.

రెండోది ఆగస్టు మొదటి ఆదివారం, స్తెల్లా మారిస్. పొద్దున అలంకరించిన పడవలన్నీ వరసకట్టి పుంతా కియాప్పా అనే రాతికొన దగ్గరున్న మేరీమాత బలిపీఠానికి వెళ్తాయి. రాత్రికి వేలకొద్దీ చిన్న దీపాలను నీటి మీద వదులుతారు. కార్తీక పౌర్ణమి రాత్రి గోదావరి రేవులో నిలబడ్డ వాళ్లకి ఆ దృశ్యం పరాయిదిగా అనిపించదు. గాలి ఎక్కువగా ఉంటే మాత్రం దీపాలు వదలరు.

2. గాలి లెక్క

కమోలీ పడమటికి తిరిగి ఉంటుంది. అందుకే సాయంత్రం సూర్యుడు సముద్రం వైపే దిగుతాడు. నైరుతి నుంచి వీచే లిబెచ్చో గాలికి అలలు అడ్డూ ఆపూ లేకుండా వచ్చి తగిలేది కూడా అందుకే. ఆకాశం నిర్మలంగా ఉండి, ఎండ కాస్తూ, పడవలు మాత్రం ఆగిపోయిన రోజులుంటాయి. ఎక్కడో కోర్సికా దీవి అవతల రేగిన తుపాను తాలూకు అలలు ఒకరోజు తర్వాత ఇక్కడికి చేరతాయి. కాబట్టి ఫోనులో ఎండ బొమ్మ చూసి సంబరపడకండి. అలల ఎత్తు, గాలి దిక్కు చూపించే యాప్ పెట్టుకోండి. నైరుతి గాలి బలంగా ఉందంటే ఆరోజు పడవ మీద ఆశ పెట్టుకోవద్దు. ఉత్తరం నుంచి వచ్చే త్రమోంతానా గాలికి కొండ అడ్డు ఉంటుంది, దాంతో ఇబ్బంది తక్కువ.

లిగూరియా ప్రభుత్వం వాన హెచ్చరికలను పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఇస్తుంది. నారింజ, ఎరుపు రోజుల్లో కొండదారి పట్టొద్దు. ఈ కొండ గులకరాళ్లు సున్నంతో అతుక్కుని గట్టిపడ్డ రాయి, తడిస్తే విరిగిపడుతుంది. 2021 ఫిబ్రవరిలో కమోలీ శ్మశానం ఉన్న గట్టే కూలి వందలాది శవపేటికలు సముద్రంలో పడ్డాయి. దారికి అడ్డంగా తాడు కట్టి ‘కియూజో’ (మూసేశాం) అని బోర్డు పెట్టారంటే దాటొద్దు.

3. వీసా, ప్రయాణం

ఇటలీకి షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, 15 రోజుల గడువు కంటే ఆలస్యం చేయకూడదు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం వాళ్ల సర్వీసు చార్జీ వేరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకవు. మే, జూన్ ప్రయాణమైతే జనవరి, ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి.

హైదరాబాదు నుంచి ఒక్క చోట విమానం మారి మిలాన్ మల్పెన్సాలో దిగడం తేలిక. అక్కడినుంచి మిలానో చెంత్రాలే స్టేషనుకి రైల్లో సుమారు గంట. అక్కడ జెనోవా పియాత్సా ప్రించిపే వైపు వెళ్లే రైలు ఎక్కితే గంటన్నర నుంచి రెండు గంటలు. జెనోవాలో ప్రాంతీయ రైలుకి మారితే కమోలీ ముప్పావు గంట లోపే.

ఈ ఆఖరి ముక్కలోనే తప్పులు జరుగుతాయి.

జెనోవాలో ప్రించిపే, బ్రిన్యోలే అని రెండు పెద్ద స్టేషన్లు. ప్రాంతీయ రైళ్లు రెంటిలోనూ ఆగుతాయి. బోర్డు మీద కమోలీ పేరు కనిపించదు. రైలు చివరి ఊరైన సెస్త్రి లెవాంతే, లా స్పేత్సియా పేర్లే ఉంటాయి. ఆ దిక్కుకి వెళ్లే ప్రతి రైలూ కమోలీలో ఆగదు, రైళ్ల యాప్‌లో ఆగే స్టేషన్ల జాబితా చూసి ఎక్కండి.

మెషీన్లో కొన్న కాగితం టికెట్‌ని ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న యంత్రంలో దూర్చి ముద్ర వేయించాలి. ఫోనులో కొంటే రైలెక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. టికెట్ ఖరీదు నాలుగైదు యూరోలు దాటదు, ముద్ర మరిచిపోతే పడే జరిమానా దానికి ఎన్నో రెట్లు. తెలియదంటే ఒప్పుకోరు.

రెక్కో తర్వాత వచ్చేదే కమోలీ. మధ్యలో సొరంగాలు, ఆగేది నిమిషం. రెక్కో దాటగానే పెట్టె పట్టుకుని తలుపు దగ్గరికి రండి. చాలా రైళ్లలో తలుపు దానంతటది తెరుచుకోదు, మీట నొక్కాలి.

స్టేషను పూర్తి పేరు ‘కమోలీ–సాన్ ఫ్రుత్తువోజో’. పేరు చూసి సాన్ ఫ్రుత్తువోజో మఠం కూడా ఇక్కడే ఉందనుకుంటారు. అక్కడికి రైలూ లేదు, రోడ్డూ లేదు. ఆ సంగతి ఏడో భాగంలో చెప్పుకుందాం.

ఇటలీలో సమ్మెలు మామూలే. ‘షోపెరో’ అన్న మాట కనిపిస్తే, పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య తప్పనిసరిగా నడిపే రైళ్లుంటాయి, వాటికి సర్దుకోండి.

కారు అద్దెకు తీసుకుని రావొద్దు. పార్కింగు దొరకడం కష్టం, దొరికినా ఖరీదెక్కువ. స్థానికులకు మాత్రమే అనుమతి ఉన్న వీధుల్లోకి దూరితే కెమెరా పట్టేస్తుంది. చలానా మీరు ఇంటికొచ్చిన కొన్ని నెలలకి వస్తుంది.

4. గది

కమోలీ ఇళ్లు కొండని ఆనుకుని ఆరేడు అంతస్తులు లేస్తాయి. సముద్రం వైపు చూస్తే గ్రౌండ్ ఫ్లోరు. వెనక పైవీధి నుంచి వస్తే అదే ఇంటికి మూడో నాలుగో అంతస్తులో ఇంకో గుమ్మం. అందుకని బుక్ చేసేముందు ఇంటివాళ్లని మూడు ప్రశ్నలు అడగండి: గుమ్మం పైవీధిలోనా, సముద్రం ఒడ్డునా? స్టేషను నుంచి ఎన్ని మెట్లు? లిఫ్టు ఉందా? ‘రెండో అంతస్తు’ అన్నంత మాత్రాన సరిపోదు, ఏ వీధి నుంచి లెక్కపెట్టారో తెలియాలి.

స్టేషను పైవీధి ఎత్తులో ఉంటుంది, సముద్రపొడ్డుకి దిగడానికి నిటారు మెట్లసందులే. చక్రాల పెట్టె మెట్ల మీద పనికిరాదు. 23 కిలోల పెట్టెలు రెండు తెచ్చుకుని ఇక్కడ దిగితే మొదటి గంటలోనే ఊరంటే విరక్తి పుడుతుంది. పెద్ద పెట్టె మిలాన్‌లోనో జెనోవాలోనో లగేజీ గదిలో వదిలి, భుజాన వేసుకునే సంచితో రండి. అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులుంటే స్టేషను ఎత్తులోనే, పైవీధిలో గది తీసుకోండి. దృశ్యం కొంత తగ్గినా దుకాణాలు, రైలు దగ్గర.

సముద్రం వైపు గది ఖరీదెక్కువ. దాంతోపాటు అలల హోరు, చర్చి గంటలు కూడా వస్తాయి. మనిషికి రాత్రికి ఇంతని ఊరి పన్ను వేరే ఉంటుంది, చాలాచోట్ల నగదుగానే అడుగుతారు.

5. మొదటి సాయంత్రం: ఊరంతా ఒక చుట్టు

సూర్యాస్తమయానికి గంటన్నర ముందు మెట్లు దిగి గరిబాల్ది వీధికి చేరండి. సముద్రం వెంట సాగే నడక దారి అది. బీచి ఇసుకది కాదు, గులకరాళ్లది. అడుగు గట్టిగా ఉన్న నీటి చెప్పులు లేకుండా దిగితే నాలుగడుగులకే తెలుస్తుంది.

ఆ దారిలో ఆగి ఇళ్ల ముఖాలు దగ్గరగా చూడండి. కిటికీల్లో చాలావాటిని రంగులతో గోడ మీద గీశారు. రాతి చట్రాలు, తోరణాలు, సగం తెరిచిన చెక్క తలుపులు, కొన్నిచోట్ల గట్టు మీద పిల్లి కూడా. నిజమైన కిటికీనీ గీసిన కిటికీనీ వేరు చేయడానికి సాయంత్రమే సరైన వేళ. పడమటి ఎండకి నిజమైన తలుపు నీడ జరుగుతుంది, గీసిన నీడ ఎప్పుడూ ఒకే వైపు పడి ఉంటుంది. సముద్రం మీంచే తమ ఇల్లు గుర్తుపట్టడానికి నావికులు ఈ రంగులు వేయించారని చెబుతారు.

దారి చివర రాతిగుట్ట మీద సాంత మరియా అస్సూంత బాసిలికా. ఒకప్పుడు ఇది విడి దీవి, ఆ చోటుని ఇప్పటికీ ఈజొలా, అంటే దీవి అనే పిలుస్తారు. పక్కనే ద్రాగొనారా కోట. అక్కడినుంచి కమాను కింద సందు దాటితే చిన్న రేవు. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలుంటే చర్చి లోపలికి వెళ్లొచ్చు. ఈత దుస్తులతో వీధుల్లో తిరగడం ఊళ్లో ఎవరికీ నచ్చదు.

ఇంత చిన్న ఊళ్లో ఇంత ఎత్తు ఇళ్లెందుకంటే, పందొమ్మిదో శతాబ్దంలో కమోలీ ఓడల యజమానుల ఊరు. ‘వేయి తెల్ల తెరచాప ఓడల పట్నం’ అని పేరు. 1853లోనే ఇక్కడి ఓడల యజమానులు కలిసి పరస్పర సముద్ర బీమా సంఘం పెట్టుకున్నారు. ఆవిరి ఓడలొచ్చాక ఆ వైభవం పోయింది, ఇళ్లు మిగిలాయి. ఓడల నమూనాలు సముద్ర మ్యూజియంలో ఉన్నాయి. తెరిచే వేళలు తక్కువ, ముందే కనుక్కోండి. అంతకంటే బాగుండేది బోస్కెత్తో గుడి. తుపానులో చిక్కి బతికి బయటపడ్డ నావికులు మొక్కుగా సమర్పించిన ఓడల చిత్రాలు అక్కడ చూడొచ్చు. వాన పడే పూటకి దీన్ని దాచుకోండి.

6. పొద్దున్నే రేవు

అసలు జాలర్ల ఊరు చూడాలంటే ఆరు, ఏడు గంటల మధ్య రేవులో ఉండాలి. నెత్తళ్ల జాతి చేపని ఇక్కడ అచ్చూగ అంటారు. వేసవిలో దీన్ని ‘లంపారా’ పద్ధతిలో పడతారు. చీకటి రాత్రి పడవ మీద బలమైన దీపాలు వెలిగిస్తే గుంపులు పైకి వస్తాయి, చుట్టూ వల వేసి కింద బిగిస్తారు. పున్నమి చుట్టూ ఉన్న రోజుల్లో వెన్నెలకి సముద్రమంతా వెలుగే కనుక దీపం పనిచేయదు, పడవలు బయల్దేరవు. తాజా అచ్చూగ తినాలని ఉంటే పంచాంగం చూసుకుని అమావాస్య దగ్గర్లో రండి. పున్నమినాడు ఎవరైనా ‘రాత్రి పట్టినది’ అంటే ఒకసారి ఆలోచించండి. ఊళ్లో మత్స్యకారుల సహకార సంఘమే చేప అమ్ముతుంది. వంటిల్లున్న గది తీసుకుంటే అక్కడ కొని వండుకోవచ్చు. గాలి రోజు మర్నాడు సరుకుండదు.

గట్టు మీద పరిచిన వలల మీదుగా నడవొద్దు, దాటొద్దు. చెప్పుకి కొక్కెం తగులుకుని వలలో ఒక్క కన్ను తెగినా బాగుచేసుకోవాల్సింది ఆ జాలరే. ఫొటోకి ముందు ‘బోన్‌జోర్నో’ అని పలకరించి ‘పొస్సో?’ అని కెమెరా చూపిస్తే చాలు. తల అడ్డంగా ఊపితే వదిలేయండి.

ఈ ఊరికే ప్రత్యేకమైన వల ఇంకొకటుంది, పేరు తొన్నరెల్లా. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పుంతా కియాప్పా దగ్గర, తీరానికి అడ్డంగా కట్టి ఉంచుతారు. పదిహేడో శతాబ్దం నుంచీ ఉన్న పద్ధతి. తీరం వెంట ఈదుకొచ్చే చేప వల గోడకి తగిలి, దాన్ని తప్పించుకోవడానికి లోతువైపు తిరిగి, వలతోనే కట్టిన గదిలోకి వెళ్లిపోతుంది. రోజుకి మూడుసార్లు జాలర్లు చేతులతో దాన్ని పైకి లాగుతారు. వల అల్లేది కొబ్బరి పీచు తాడుతో. కోనసీమలో పీచు తాడు పేనడం చూసినవాళ్లు దాన్ని వెంటనే పోల్చుకుంటారు. నైలాను దొరికే కాలంలో కూడా పీచే ఎందుకంటే, గరుకుగా ఉండే పీచుకి పాచి పట్టి వల రాతిగోడలా కనబడుతుంది, చిన్నచేప దాని దగ్గర చేరుతుంది, దాని వెంట పెద్దచేప. పైగా సీజను అయ్యాక కోసి సముద్రంలో వదిలేసినా కుళ్లిపోతుంది. ట్యూనా జాతి పెద్దచేపలే దొరుకుతాయనుకుంటే పొరపాటు, చిన్నచేపలు కూడా వస్తాయి. పైనుంచి కొండదారిలో వల గీత స్పష్టంగా కనబడుతుంది.

7. సాన్ ఫ్రుత్తువోజో: పడవా, నడకా?

కొండల మధ్య చిన్న మడుగులాంటి అఖాతంలో ఉన్న పాత మఠం ఇది. పడవలోనో కాలినడకనో తప్ప చేరలేరు. జెనోవా పాలక వంశం దోరియాల సమాధులు, తెల్లరాయి, బూడిదరంగు రాయి చారలతో, ఇక్కడే ఉన్నాయి. సముద్రపు దొంగల నుంచి కాపలాకి 1562లో కట్టిన బురుజు పక్కనే. మఠం ఇప్పుడు ఇటలీ వారసత్వ సంరక్షణ సంస్థ ఫాయ్ చేతిలో ఉంది, లోపలికి టికెట్ ఉంటుంది. ముందున్న బీచి పాతది కాదు. 1915 వరదలో కొండ మీంచి కొట్టుకొచ్చిన రాళ్లూ మఠం శిథిలాలూ కలిసి ఏర్పడింది. అంతకుముందు నీళ్లు నేరుగా కమానుల కిందికే వచ్చేవి.

ఈ అఖాతంలో సుమారు 17 మీటర్ల లోతున క్రీస్తు కంచు విగ్రహం, చేతులు పైకెత్తి ఉంటుంది. 1954లో దించారు. డైవింగు రానివాళ్లు చర్చిలో ఉన్న నకలు చూడొచ్చు.

పడవలో వెళ్తే కమోలీ రేవు నుంచి అరగంట. టికెట్లు రేవు దగ్గరి గూట్లో ఇస్తారు. రానూపోనూ పదిహేను, ఇరవై యూరోల లెక్క వేసుకోండి. కొనేముందు అడగాల్సింది ధర కన్నా ముఖ్యమైనది: సాయంత్రం ఆఖరి పడవ ఎన్నింటికి, ఈరోజు అది కచ్చితంగా ఉంటుందా? అలలు పెరుగుతున్నాయంటే వాళ్లే చెబుతారు. ఇంకో చిక్కు, పోర్టోఫినో వైపు పడవలు వేరే కంపెనీవి. కమోలీ రిటర్న్ టికెట్ వాటిలో చెల్లదు. పడవ రంగు చూసి క్యూలో నిలబడకండి, పేరు చదవండి.

ఆఖరి పడవ తప్పిపోతే కొండెక్కి పోర్టోఫినోకి గంటన్నర, రెండు గంటలు. కమోలీకి మూడు గంటలు. దారిలో దీపాలుండవు. సంచిలో టార్చి వేసుకోవడం అందుకే.

నడిచి వెళ్లాలంటే ముందు సాన్ రోక్కో చేరాలి. కమోలీ నుంచి మెట్లదారి, ఎత్తు 221 మీటర్లు, ముప్పావు గంట. చిన్న బస్సు ఉంది గానీ సర్వీసులు తక్కువ. సాన్ రోక్కో చర్చి అరుగు మీంచి కమోలీ మొత్తం కనిపిస్తుంది. ఏటా ఆగస్టు 16న ఇక్కడ విశ్వాసం చూపిన కుక్కలకి బహుమతులిస్తారు, 1962 నుంచీ. అక్కడ దారి చీలుతుంది.

సముద్రం పక్కగా పోయేది ‘బత్తేరియే’ దారి, రెండో ప్రపంచయుద్ధం నాటి ఫిరంగి స్థావరాల మీదుగా. గుర్తు రెండు ఎర్ర చుక్కలు. దృశ్యాలు దీనివే బాగుంటాయి. అయితే కొన్నిచోట్ల బండరాతికి బిగించిన గొలుసు పట్టుకుని నడవాలి, కింద సముద్రం. ఎత్తంటే భయమున్నవాళ్లు, పిల్లలతో ఉన్నవాళ్లు, బండ తడిగా ఉన్న రోజు ఎవరైనా సరే, దీన్ని వదిలేయాలి. సాన్ రోక్కో నుంచి రెండున్నర గంటలకి తక్కువ వేసుకోవద్దు.

రెండోది పైనుంచి, అడవిలో పియెత్రే స్త్రెత్తె అనే కూడలి దాకా ఎక్కి అక్కడినుంచి మఠానికి దిగే దారి. ఎక్కుడు ఎక్కువే అయినా భయం లేదు, నీడ ఉంటుంది. చాలామందికి ఇదే సరిపోతుంది.

సముద్రం ప్రశాంతంగా ఉంటే పొద్దున నడిచి వెళ్లి, సాయంత్రం పడవలో రండి. అలల మీద అనుమానం ఉంటే తిరగేయండి, పొద్దున పడవలో వెళ్లి, మధ్యాహ్నం రెండింటిలోపే నడక మొదలుపెట్టండి. మనిషికి లీటరున్నర నీళ్లు, పట్టున్న బూట్లు. హవాయి చెప్పులతో వచ్చేవాళ్లు ప్రతి వేసవిలోనూ ఉంటారు, దిగేటప్పుడు మడమలు జారేది వాళ్లకే.

అంత నడవలేకపోతే సాన్ రోక్కో నుంచి సాన్ నికొలో పాత చర్చి మీదుగా పుంతా కియాప్పాకి దిగండి, ముప్పావు గంట. అక్కడ రాళ్ల మీంచి ఈత కొట్టి, పడవలో కమోలీ వచ్చేయొచ్చు. రెండో రోజుకి మా ఓటు దీనికే. ఈ తీరమంతా రక్షిత సముద్ర ప్రాంతం. కాలా దెల్లోరో అనే ఒంపులో ఈత, పడవ రెండూ నిషేధం.

8. తిండి

రెక్కో చీజు ఫొకాచ్చా అనే రొట్టె ఈ చుట్టుపక్కల నాలుగు ఊళ్లకే చెందినది, 2015లో ఐరోపా భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నాలుగింటిలో కమోలీ ఒకటి. ఈస్టు లేని పిండిని పిడికిళ్ల మీద తిప్పుతూ, అవతలి చెయ్యి కనబడేంత పల్చగా సాగదీస్తారు. వెడల్పాటి పళ్లెంలో పరిచి, మెత్తటి చీజు ముద్దలు అక్కడక్కడా పెట్టి, పైన ఇంకో పొర కప్పి, ఆవిరి పోయేందుకు వేళ్లతో చిల్లులు గిల్లుతారు. మండే పొయ్యిలో కొద్ది నిమిషాలే. పొయ్యిలోంచి తీసిన వెంటనే తినాలి. అద్దాల పెట్టెలో చల్లారి ఉన్న ముక్క కొంటే రబ్బరు నమిలినట్టే. తర్వాతి పళ్లెం ఎప్పుడొస్తుందో అడిగి ఆగండి.

శాకాహారులకి లిగూరియా ఇటలీలో సుఖమైన చోటు. ఫరినాతా అంటే శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. త్రోఫియే పాస్తా పెస్తో అనే ఆకుపచ్చ సాసుతో, బంగాళాదుంప, బీన్సు వేసి ఇస్తారు. పన్సోతి అంటే ఆకుకూర కూరిన పాస్తా, అక్రోట్ల సాసుతో. రెండు జాగ్రత్తలు. ఇక్కడి చీజుల్లో చాలావాటికి దూడ కడుపు నుంచి తీసిన తోడు వాడతారు, పెస్తోలో వేసే పర్మిజానో చీజుకి కూడా. ఆకుపచ్చ సాసుల్లో కనబడకుండా అచ్చూగ కలుపుతారు. ‘సెంత్సా కార్నె, సెంత్సా పేషె, సెంత్సా అచ్చూగె’ (మాంసం, చేప, అచ్చూగ లేకుండా) అని మూడూ విడివిడిగా చెప్పండి. ‘వెజెతరియానో’ అన్న ఒక్క మాటతో చేప ఆగదు.

చేప తినేవాళ్లు మెనూలో రెండు గుర్తులు చూడాలి. పేరు పక్కన చుక్క గుర్తుంటే అది గడ్డకట్టించిన సరుకు, అడుగున సన్న అక్షరాల్లో రాసుంటుంది. ధర పక్కన ‘అల్లెత్తో’ అని ఉంటే అది 100 గ్రాములకి. 7 యూరోలని చూసి చవకనుకుని 600 గ్రాముల చేప చెబితే బిల్లు 42. ముందు చేప తెచ్చి చూపించి, తూచి చెప్పమనండి, అది అక్కడ మర్యాదే. వేయించిన అచ్చూగ, నిమ్మరసంలో నానబెట్టిన అచ్చూగ చవకగా వస్తాయి, రుచి కూడా వాటిదే.

కూర్చున్నందుకు ‘కొపెర్తో’ పేరుతో మనిషికి రెండు మూడు యూరోలు వేస్తారు, మోసమేమీ కాదు. మధ్యాహ్నం రెండున్నర దాటాక వంటిల్లు కట్టేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు. కొండ దిగి నాలుగింటికి ఆకలితో వస్తే దిక్కు ఫొకాచ్చా కొట్లే. ఆదివారం మధ్యాహ్నం జెనోవా కుటుంబాలన్నీ ఇక్కడే ఉంటాయి, ముందు రోజే టేబుల్ చెప్పి ఉంచాలి. మిఠాయి కొట్లలో కమోలియేజి అనే చాక్లెట్ ఉండలుంటాయి. పేరున్నవాటిలో రమ్ము పోస్తారు, పిల్లలకి కొనేముందు అడగండి.

9. పడవలు ఆగిన రోజు

అలాంటి రోజు వస్తుందనే ముందుగా అనుకోండి. రేవు గోడ మీద అలలు విరిగేటప్పుడు చివరిదాకా వెళ్లి సెల్ఫీలు తీయొద్దు, గట్టు దాటి నీళ్లు వస్తాయి. బోస్కెత్తో గుడి, మ్యూజియం చూసి, ఒక్క స్టేషను దూరంలో ఉన్న రెక్కోలో భోజనం చేయండి. లేదా ఇటువైపు ఒక్క స్టేషను దాటి సాంత మార్గరీతాకి వెళ్తే అక్కడినుంచి పోర్టోఫినోకి రోడ్డు పక్కనే నడక దారి, బస్సూ ఉంది. కొండ అడ్డుండటం వల్ల నైరుతి గాలి ఆ వైపు కొంత తక్కువగా తగులుతుంది.

గది ఖాళీ చేసే రోజు సంచి ఎక్కడ పెట్టాలో ముందురాత్రే ఇంటివాళ్లతో మాట్లాడుకోండి. మిలాన్‌లో విమానం ఉంటే కమోలీ నుంచి కనీసం ఏడు గంటల ముందు బయల్దేరాలి. జెనోవాలో రైలు మారడానికి అరగంట చేతిలో పెట్టుకోండి. సమ్మె ప్రకటన ఉన్న రోజైతే ముందురాత్రే మిలాన్ చేరిపోండి.